కుట్టించని పాంటు గుడ్డ

"మా ఆయన కోడిని కొయ్యమంటేనే పక్కింటోళ్లను పిలుస్తడన్నా. గసొంటి మనిషి ఒక ముసలామె తల పగలగొడ్తడా?"

సలేహా గొంతు స్టేషన్ వరండా అంతా వినబడింది. మల్లేశ్వర్ గడియారం చూసుకున్నాడు. మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు నలభై. ఐదు లోపల ఆమె భర్త ఘియాసుద్దీన్‌ను మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. రిమాండు పడిందా, ఎయిర్‌పోర్టు పాసు రద్దు. పాసు పోతే కార్గోలో పద్నాలుగేళ్లుగా ఫోర్క్‌లిఫ్టు నడుపుతున్న ఉద్యోగమూ అంతే సంగతులు. యాభై ఒక్కేళ్లవాడికి ఇంకో ఉద్యోగం ఎవడిస్తాడు?

జరిగింది ఇదీ. శంషాబాద్‌లో అమృతమ్మ టైలరింగ్ కొట్టు పైగదిలో ప్రసన్నలక్ష్మి అనే రిటైర్డ్ టీచరు ఒంటరిగా ఉంటుంది. నిన్న మధ్యాహ్నం మూడూ పదికి అమృతమ్మ పైకి వెళ్లి చూస్తే ఆవిడ తల పగిలి నేల మీద పడి ఉంది. దవాఖానలో ఇంకా తెలివి రాలేదు. రెండూ యాభైకి ఆ మెట్ల మీంచి దిగి పరుగెత్తినవాణ్ని ఎదురుగా ఉన్న పండ్లబండి మనిషి గుర్తుపట్టాడు. ఆ పరుగెత్తినవాడే ఘియాసుద్దీన్.

ఉదయం సలేహా ఫోన్‌లో కేసు సంగతి చెబుతుంటే, టీచరు పేరు వినగానే మల్లేశ్వర్ టీ గ్లాసు అలాగే వదిలేసి మైలార్‌దేవ్‌పల్లి నుంచి బండి తీశాడు. ఇరవై ఏళ్లుగా ప్రైవేట్ డిటెక్టివ్. ఏ కేసుకూ అంత ఆదరాబాదరాగా బయల్దేరలేదు. ఎందుకో సలేహాకు చెప్పలేదు.

"ఆడికి ఎందుకు పోయిండంట?" అని అడిగాడు.

"పాంటు కుట్టియ్యనీకి అంటుండు." సలేహా చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గానీ అన్నా, పెండ్లైనకాడి నుంచి ఆయన బట్టలన్నీ నేనే కుడ్త. ఇంట్ల మిషను పెట్టుకొని బయట ఎందుకిస్తడు? ఏందో దాస్తుండు. ఇంగ్లీషు చదువుకున్న మనిషి, రోజు పొద్దుగాల గంటసేపు ఇంగ్లీషు పేపర్ పట్టుకొని కూసుంటడు. మా బిడ్డ ఐమన్‌కు వాళ్ల బాబా అంటే గంత ఇజ్జత్. ఇగ గిప్పుడు దానికి నేనేం చెప్పాలె?"

మల్లేశ్వర్ లోపలికి నడిచాడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గోవర్ధన్ గదిలో పాత పలకరింపే ఎదురైంది. "రండి రండి, మిస్టర్ స్టేషనరీ!"

కానిస్టేబుళ్లు కిసుక్కుమన్నారు. నాలుగేళ్ల కిందటి సంగతి అది. ఒక కేసులో మల్లేశ్వర్ కోర్టుకు ఇంగ్లీషులో రిపోర్టు ఇచ్చాడు. నిందితుడి కారు రోడ్డు పక్కన కదలకుండా ఆగి ఉందని రాయబోయి, స్టేషనరీ అనే మాటలో 'ఏ' ఉండాల్సిన చోట 'ఈ' పెట్టాడు. 'ఈ' పెడితే అది కాగితాలూ కలాలూ. డిఫెన్సు లాయరు కళ్లద్దాలు సర్దుకుని "ఆ కారులో పెన్సిళ్లు దొరుకుతాయాండీ?" అన్నాడు. కోర్టు హాలు ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా, తొడ చరుచుకుని మరీ నవ్వింది ఈ గోవర్ధనే. ఆ రాత్రి మల్లేశ్వర్‌కు అన్నం సయించలేదు. నలుగురిలో ఆ పేరు వినబడితే ఇప్పటికీ చెవులు కాలిపోతాయి.

గోవర్ధన్ ఇంగ్లీషు మాట్లాడితే ఎదుటివాడు నోరెళ్లబెట్టాల్సిందే. టీవీ వాళ్లు మైకు పెడితే చాలు, వాన కురిసినట్టు కురిపిస్తాడు. కాగితం పని మాత్రం ముట్టుకోడు. రిపోర్టులన్నీ స్టేషన్ రైటరు భారతమ్మే రాయాలి. ఇప్పుడూ ఆవిడ మూల బల్ల దగ్గర తల వంచుకుని అదే పనిలో ఉంది.

"ఎవిడెన్స్ చూడండి, కళ్లారా చూడండి," అంటూ గోవర్ధన్ ఒక ప్లాస్టిక్ కవరు ముందుకు తోశాడు. "కొట్లో మేకుకు వేలాడుతోంది. మీ వాడు తనదేనని ఒప్పేసుకున్నాడు."

నీలం రంగు పాంటు గుడ్డ. గుండుసూదితో గుచ్చిన చీటీ మీద అమృతమ్మ రాత: 'సోమవారం, ఒకటిన్నర గంటలకు.'

మల్లేశ్వర్ కవరును దగ్గరికి లాక్కుని చూశాడు. ఆ గుడ్డ తనది.

ప్రసన్నలక్ష్మి టీచరు ఆ గదిలో పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పుతుంది. అందులోనూ ఒకేలా పలికి, రాతలో కొంప ముంచే మాటలు. కార్గో వాళ్లు, క్యాబు డ్రైవర్లు, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఒక్కొక్కరే వస్తారు. ఒకరి మొహం ఒకరికి చూపించదు. ఇంత వయసొచ్చి అక్షరాలు దిద్దుకుంటున్నాడని వీధికి తెలిస్తే పరువేం కావాలి? అందుకే అందరి చేతిలో ఒక గుడ్డ ఉంటుంది. అమృతమ్మ దానికి చీటీ గుచ్చి మేకుకు తగిలిస్తుంది. పైన కుట్టు గది ఉందని వీధి అనుకుంటుంది. పాఠం అయ్యాక ఎవరి గుడ్డ వాళ్లు తీసుకుని ఇంటికి పోతారు. మల్లేశ్వర్ గుడ్డ ఎనిమిది నెలలుగా అలా వచ్చి పోతోంది, కత్తెర మొహం చూడలేదు. "ఈ గుడ్డ నీకంటె ముందు పాసైతది తమ్మీ," అని అమృతమ్మ ఎగతాళి కూడా చేస్తుంది.

నిన్న ఒకటిన్నరకు వెళ్లాడు. రెండూ పదిహేనుకు పాఠం అయింది. పై మెట్టు దగ్గరికి వచ్చేసరికి కింద వీధిలో పోలీసు జీపు ఆగింది. రోజూ తిరిగే జీపే అయ్యుంటుంది. కానీ ఆ జీపెక్కే ప్రతివాడికీ తన మొహం తెలుసు. దిగేదెవరో చూసే ధైర్యం కూడా లేక వెనక మెట్ల మీంచి సందులోకి ఉరికాడు. గుడ్డ మేకు మీదే ఉండిపోయింది. వేరేవాళ్ల గుట్టు లాగి బతికే డిటెక్టివ్ చేసిన ఘనకార్యం అదీ!

ఇప్పుడే చెప్పెయ్యాలి. ఈ గుడ్డ నాది, ఘియాసుద్దీన్‌ను వదలండి అనాలి. గోవర్ధన్ మొహంలో నవ్వు ఇంకా ఆరలేదు. మల్లేశ్వర్ నోరు తెరిచాడు.

"జర మంచినీళ్లు ఇప్పిస్తరా?" అన్నాడు.

లాకప్ ఆ గదికి ఎదురుగానే ఉంది. ఊచల వెనక ఘియాసుద్దీన్ మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. గోవర్ధన్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఐదు నిమిషాలు. అంతే."

"పైకి ఎప్పుడు పోయినవ్ భాయ్?" అని అడిగాడు మల్లేశ్వర్.

"పావు తక్కువ మూడు."

"టీచరమ్మ అప్పుడెట్ల ఉంది?"

ఘియాసుద్దీన్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆ నీలం గుడ్డ నీదేనా?"

"నాదే."

"ఎన్ని మీటర్లు?"

"రెండు... రెండున్నర."

ఆ గుడ్డ ఒకటీ పావే. బట్టల కొట్టువాడు కొలిచి చింపుతుంటే మల్లేశ్వర్ ఎదురుగా నిలబడ్డాడు. ఈ మనిషి పరాయి గుడ్డను తనదని చెప్పి జైలుకు పోవడానికి సిద్ధపడ్డాడు. చదువుకోవడానికి వెళ్లానని చెప్పడం కన్నా అదే నయమనుకున్నాడు. ఆ గుడ్డ అసలు మనిషి ఎదురుగా నిలబడి తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా ఉన్నాడు.

"నిజంగ ఎందుకు పోయినవ్ భాయ్? నాతోని చెప్పు."

ఘియాసుద్దీన్ తలెత్తాడు. మల్లేశ్వర్ భుజం మీదుగా గుమ్మం వైపు ఒక్క క్షణం చూశాడు. మళ్లీ నేల చూపులే. "పాంటు కుట్టియ్యనీకి సాబ్. ఇంకేం లేదు."

రెండింటికి మల్లేశ్వర్ అమృతమ్మ కొట్టు పైగదిలో ఉన్నాడు. కాపలాకు గోవర్ధన్ కొండల్ అనే కానిస్టేబుల్‌ను వెంట పంపాడు.

"ఇస్త్రీపెట్టెతోని కొట్టిండని సార్ రాయించిండు," అని చూపించాడు కొండల్.

మల్లేశ్వర్ కిటికీ దగ్గరి ఇస్త్రీపెట్టె మీదకు వంగాడు. పిడి మీద సన్నటి దుమ్ము. ఎవరి వేలూ పడలేదు. నెత్తురు ఎక్కడుంది? బల్ల మూలకు, నేలకు జానెడు పైన. ఎవరూ ఎత్తి కొట్టలేదు. తోశారు, ఆవిడ వెనక్కి పడింది, మూల తగిలింది.

బోర్డు మీద తరవాతి పాఠం రాసి ఉంది. బ్రేక్ అనే మాట రెండు రకాలుగా. ఒకదాని పక్కన తొక్కుతున్న పాదం బొమ్మ, రెండోదాని పక్కన పగిలిన కుండ. ఫోర్క్‌లిఫ్టు నడిపేవాడి కోసం తయారుచేసిన పాఠం. మన అక్షరం పలికినట్టే రాస్తాం, వాళ్లది పలికేదొకటి రాసేదొకటి, అందులో మీ తప్పేం ఉందయ్యా అనేది టీచరు. ఆ గొంతు గుర్తొచ్చి మల్లేశ్వర్‌కు కళ్లు చెమర్చాయి.

బల్ల సొరుగులో తప్పుల పుస్తకం దొరికింది. ఒక్కో విద్యార్థికి ఒక్కో పేజీ. పేర్లుండవు, నంబర్లే. వాళ్లు రాసిన తప్పు వాళ్ల చేతిరాతలోనే, కింద టీచరు దిద్దుబాటు. పదకొండో పేజీ రాగానే మల్లేశ్వర్ అరచేత్తో కప్పేశాడు. 'స్టేషనరీ: ఏ వస్తే ఆగింది అనుకో. ఈ వస్తే ఈక అనుకో, ఈకతో రాస్తాం కదా.' కొండల్‌కు ఆ రాత ఎవరిదో తెలిసే అవకాశమే లేదు. అయినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది.

"ఏమున్నది సారూ అండ్ల?"

"తప్పులు," అన్నాడు మల్లేశ్వర్.

పేజీ తిప్పాడు. పన్నెండు, పదమూడు, పదిహేను. పద్నాలుగు లేదు. కుట్టు దగ్గర చిరిగిన అంచు కొత్తగా, తెల్లగా ఉంది. చివరి అట్ట లోపల వచ్చే వేళలు రాసి ఉన్నాయి. పదకొండు, సోమవారం ఒకటిన్నర. తొమ్మిది, మొదటి షిఫ్టు దిగాక, పావు తక్కువ మూడు. అంటే ఘియాసుద్దీన్. మిగిలినవాళ్లందరికీ ఏదో ఒక షిఫ్టు ఉంది. పద్నాలుగు దగ్గర మాత్రం 'తీరిక దొరికితే, రెండు తరవాత' అని ఉంది. ఎయిర్‌పోర్టులో పనిచేసేవాడికి షిఫ్టు లేకుండా ఎలా కుదురుతుంది? ఈ పద్నాలుగు ఎయిర్‌పోర్టు మనిషి కాదు.

కిందికి వచ్చాక కొండల్ టీకని రోడ్డు దాటాడు. అమృతమ్మ మిషను ఆపింది.

"నీ గుడ్డ తీస్కపోయిండ్రు తమ్మీ. ఎవరిదని అడిగిండ్రు. యాద్ లేదన్న."

"పద్నాలుగో నంబరు ఎవరక్కా?"

"నంబర్లు పంతులమ్మకే ఎరుక. రెండు నుంచి మూడు దాకా నేను బువ్వకు పోత. గా టైంల ఎవరి మేకుకు వాళ్లే తగిలిచ్చుకుంటరు." ఆవిడ అతని మొహంలోకి చూసింది. "ఈ కొట్ల ఎవరి సిగ్గు నేను బయట పెట్టలే, పెట్ట గూడ. నీది నువ్వే చెప్పుకోవాలె. ఆడ ఆ తురకాయన కూసున్నడు."

మల్లేశ్వర్ తల దించుకుని బండెక్కాడు.

భర్తతో పనిచేసేవాళ్లను సలేహా అడిగితే, నాలుగు గంటలకు కార్గో గేటు రికార్డు ఫోటో ఆమె ఫోనుకు వచ్చింది. నాలుగూ ఇరవైకి మల్లేశ్వర్ దాన్ని గోవర్ధన్ బల్ల మీద పెట్టాడు. సలేహా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"చీటీ మీద టైం ఒకటిన్నర. ఘియాసుద్దీన్ గేటు దాటింది రెండూ ఆరుకు. మనిషి ఎయిర్‌పోర్టుల ఉండంగ గుడ్డ శంషాబాద్ మేకుకు ఎట్లెక్కుతది సారూ?"

"కార్డు ఎవడైనా గీకొచ్చు."

"ఇస్త్రీపెట్టె మీద దుమ్ము చెదరలే. నెత్తురు బల్ల మూలకుంది. ఎవరో నూకిండ్రు. పుస్తకంల ఒక పేజీ చింపిండ్రు. మీ రిపోర్టుల గవేం లేవు."

గోవర్ధన్ కుర్చీ వెనక్కి వాల్చాడు. "సరే. గుడ్డ వీడిది కాదు, ఒప్పుకుంటున్నా. మరి ఎవడిది? ఆ ఒకటిన్నరవాణ్ని తెచ్చి ఇక్కడ నిలబెట్టు, ఈ ముసలాణ్ని ఈ నిమిషమే వదిలేస్తా. తేలేవనుకో, ఐదింటికి కోర్టు. ఇంకా ముప్పై ఎనిమిది నిమిషాలుంది. వెతుక్కో, మిస్టర్ స్టేషనరీ."

సలేహా మల్లేశ్వర్ మొహం వైపే చూస్తోంది. ఆ చూపులో నమ్మకం తప్ప ఇంకేమీ లేదు. ఆ నమ్మకం చూస్తే అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొద్దుటి నుంచీ ఒక్క మాట. ఒకే ఒక్క మాట దాచడానికి నాలుగు గంటలు తిరిగాడు.

"నాది సారూ," అన్నాడు.

"ఏంటి?"

"ఆ గుడ్డ నాది. ఎనిమిది నెలల సంది నేను టీచరమ్మ దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటున్న. నిన్న ఒకటిన్నరకు ఆడ ఉన్నది నేనే."

మల్లేశ్వర్ నోటి నుంచి ఆ మాట వస్తుందనుకోని గోవర్ధన్ ఒక్క క్షణం బిత్తరపోయాడు. తరవాత విరగబడి నవ్వాడు. "ఒరేయ్, అందరూ రండ్రా! డిటెక్టివ్ గారు బళ్లో చేరారట! పలకా బలపం ఏవండీ?" కానిస్టేబుళ్లు గుమ్మంలో మూగారు. కోర్టు హాల్లోని ఆ నవ్వే మళ్లీ చెవుల్లో పడింది. మల్లేశ్వర్‌కు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. భారతమ్మ ఒక్కతే నవ్వలేదు.

"అయితే ఆవిణ్ని ఆఖరుగా చూసింది నువ్వేగా!" గోవర్ధన్ కళ్లు తుడుచుకున్నాడు. "భారతమ్మా, రాయి. వీణ్నీ లోపల వేద్దాం."

"రాయమ్మా. రెండూ పదిహేనుకు పాఠమైంది. టీచరమ్మ బాగనే ఉంది, బోర్డు తుడుస్తుంది. అప్పుడే కింద పోలీసు జీపు ఆగింది. నన్ను చూస్తే నవ్వుతరని వెనక మెట్లు దిగి ఉరికిన. గది గూడ రాయి."

భారతమ్మ కలం ఆగింది. "నిన్న రెండు తరవాతనా? జీపు సార్ వాడుకున్నరు గదా..." అని, తనే నాలుక కరుచుకుంది.

గోవర్ధన్ నవ్వు ఆగిపోయింది. మల్లేశ్వర్ నెమ్మదిగా అతని వైపు తిరిగాడు. జీపులోంచి దిగిందెవరో నిన్న ఒక్కసారి తొంగి చూసి ఉంటే చాలు. సిగ్గు అతని కళ్లు మూసేసింది.

"అన్నా." ఊచల వెనక నుంచి ఘియాసుద్దీన్ లేచి నిలబడ్డాడు. "ఇంత మంది ముంగట నువ్వు చెప్పినంక నేను చెప్పకుంటె మనిషినే గాదు. సలేహా, నువ్వు గూడ విను. నాకు ఇంగ్లీషు రాదు. పొద్దుగాల పేపర్ పట్టుకొని బొమ్మలు చూస్త, గంతే. ఐమన్‌కు తెలుస్తదని భయమైతుండె. గందుకే ఆడికి పోతున్న."

సలేహా చేత్తో నోరు మూసుకుంది.

"నిన్న నేను మెట్లెక్కుతుంటె ఈ సాబ్ దిగుతుండు. చేతిల చింపిన కాగితం. పైకి పోతే టీచరమ్మ పడి ఉంది. కండ్లు తెరిచే ఉన్నయ్. 'నీళ్లు' అన్నది." అతను ఊచలు పట్టుకున్నాడు. "ఇయ్యలే అన్నా. ఎవరన్న వస్తే నేనెందుకొచ్చిననో చెప్పాలె గదా అని ఉరికిన. గుక్కెడు నీళ్లు ఇయ్యలే. రాత్రి సాబ్ ఈడికొచ్చిండు. నోరు తెరిస్తె నీ బిడ్డ కాలేజీకి పోయి, మీ బాబా ఏబీసీడీలు దిద్దుతుండని చెప్త అన్నడు."

"అందరూ బయటికి పొండి," అన్నాడు గోవర్ధన్. కానిస్టేబుళ్లు జంకుతూ వెనక్కి తగ్గారు. సలేహా కదల్లేదు. భారతమ్మ కూడా లేవలేదు.

గోవర్ధన్ తలుపు వేసి గొళ్లెం పెట్టాడు. నడుము దగ్గర పిస్తోలు మీద చెయ్యి ఉంది. మల్లేశ్వర్ సలేహాకు అడ్డంగా నిలబడ్డాడు. మెల్లగా ఆ చెయ్యి పక్కకు జారిపోయింది.

"పద్నాలుగు నేనే." ఇంతకు ముందు ఆ గదిలో అంత చిన్న గొంతు ఎవరూ వినలేదు. "నోటితో ఎంతైనా మాట్లాడగలను, తప్పు ఎవడికీ దొరకదు. కలం పడితే చాలు, నాకు చెమటలు. నువ్వూ అక్కడికే వస్తున్నావని మొన్న ఆ మెట్ల దగ్గర నిన్ను చూస్తే తెలిసింది. ఎప్పటికైనా నా పేజీ చూస్తావు, నా రాత గుర్తుపడతావు. చింపి ఇమ్మన్నాను. ఇందులో సిగ్గుపడేదేం లేదయ్యా అని నవ్వింది. ఆ నవ్వు... చెయ్యి ఆగలేదు. పడిపోతుందనుకోలేదు."

మల్లేశ్వర్‌కు కోపం రావాలి. రాలేదు.

గోవర్ధన్ దగ్గరికి వచ్చాడు. "కేసు పెట్టుకో. కొట్టానని రాయించు, ఉద్యోగం పోతే పోనీ. కానీ అక్కడికి ఎందుకు వెళ్లానో మాత్రం రాయించకు. పాత పగ అని రాయించు. ఏదైనా రాయించు. నీ కాళ్లు పట్టుకుంటాను మల్లేశ్వర్."

ఆ మాట వెర్రిగా వినిపించాల్సింది. కానీ మల్లేశ్వర్‌కు అక్షరం అక్షరం అర్థమైంది. మధ్యాహ్నం ఇదే గదిలో నీళ్లు అడిగి తప్పించుకున్న మనిషికి అర్థం కాకుండా ఎలా ఉంటుంది? అంత సులువుగా అర్థమైనందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

అతను బల్ల దగ్గరికి నడిచి, భారతమ్మ ముందున్న కాగితం సరిచేశాడు.

"రాయమ్మా," అన్నాడు. "ముగ్గురం ఆడికి చదువుకోనీకే పోయినం. ముందు నా పేరు రాయి."